మూడో బాయిలర్ గది

పద్దెనిమిదో సంవత్సరం సెప్టెంబరులో మా ఓడ కింద మైన్ పేలిన క్షణాన హార్మ్ నా పక్కనే ఉన్నాడు. పార మీదికి ఒరిగి, తన పెళ్ళికి నన్ను ఎందుకు పిలవడో చెబుతున్నాడు.

"నువ్వొస్తే ఇద్దరి తిండి తింటావురా ఓకో. మా అత్తగారింట్లో ఉన్నవే నాలుగు దుంపలు. అవి నీకు పెడితే పెళ్ళికొడుకు పస్తుండాలి."

నేను ఏదో అనబోయాను. కాళ్ళ కింద ఇనుప రేకులు ఎగిరిపడ్డాయి. దీపాలు ఆరిపోయాయి. హార్మ్ తలపైన ఆవిరి గొట్టం అతుకు విడిపోయింది.

బాయిలర్ లోంచి అప్పుడే వచ్చిన ఆవిరి కంటికి కనపడదు. చప్పుడే వినపడుతుంది. ఆ చప్పుడులో హార్మ్ కేక మొదలైంది. సగంలోనే ఆగిపోయింది.

చీకట్లో ఒక లాంతరు కదిలింది. మా బావ ఫోల్కర్ట్ చేతులకు తడి గోనె చుట్టుకుని, ఆవిరి కిందనుంచి పాకుతూ వెళ్ళి వాల్వు తిప్పేశాడు. లేచి నిలబడి పొయ్యిల వైపు చూశాడు. మా వైపు తర్వాత చూశాడు.

"పారలు ఎత్తండి."

"హార్మ్..." అన్నాను.

"హార్మ్ అయిపోయాడు. పొయ్యి ఇంకా అయిపోలేదు. ఎత్తరా."

హార్మ్‌ని గోడవారగా పడుకోబెట్టి మీద గోనెపట్టా కప్పాం. రేవు చేరడానికి ఐదు గంటలు పట్టింది. ఆ ఐదు గంటలూ మేం బొగ్గు వేస్తూనే ఉన్నాం. వెనక్కి అడుగు వేసిన ప్రతిసారీ మడమకి అతని బూటు తగిలేది.

మా ఓడ పేరు 'హూసుమ్'. జర్మన్ నౌకాదళంలో తేలికపాటి క్రూజర్లన్నిటికీ ఊళ్ళ పేర్లే పెట్టేవాళ్ళు. పెద్ద యుద్ధనౌకలకి మోచేతి పొడవు మందాన ఉక్కు తొడుగు ఉండేది. మాకు ప్రక్కల పేర్చుకున్న బొగ్గే తొడుగు. పెద్ద ఓడలు రేవులో పడుకుంటే మేం ముందు పోయి, శత్రువు మైన్లు ఎక్కడ వేశాడో మా పొట్టలతో తడిమి చూసేవాళ్ళం. మూడో బాయిలర్ గదికి మా బావ పై అధికారి. ఆ హోదాకి ఏదో పొడుగాటి పేరుంది గాని మేమంతా మేస్త్రీ అనేవాళ్ళం. గదిలో అడుగుపెడితే నేనూ మేస్త్రీగారూ అనాల్సిందే. బావ అనే మాట మా రేవు పట్టణం విల్‌హెల్మ్స్‌హాఫెన్‌లో మా అక్క ఇంటి మెట్లెక్కాకే.

హార్మ్‌ని పాతిపెట్టిన సాయంత్రం ఆ మెట్లే ఎక్కాం. అక్క తాలియా గిన్నె తెచ్చి బల్లమీద పెట్టింది. ఎండబెట్టిన కూరముక్కల పులుసు. మా కళాసీలు దానికి ముళ్ళతీగ అని పేరు పెట్టారు.

"ముఖాలు చిట్లించకండి. ఈ ముళ్ళతీగ కోసం రెండు గంటలు వరసలో నిలబడ్డాను," అంది.

"ఓడలో దానికంటే మెత్తగా ఉందిలే," అన్నాడు బావ.

"మెచ్చుకుంటున్నావా, ఎత్తిపొడుస్తున్నావా?"

"తింటున్నాను."

అక్క పనిచేసేది ఓడల మరమ్మతు యార్డులో, గుడ్డలుతికే షెడ్డులో. లోకంలో వార్తలన్నీ ముందు అక్కడికే వచ్చేవి. "యుద్ధం ముగిసినట్టేనట. పైవాళ్ళు ఉత్తరాలు రాసుకుంటున్నారట," అంది.

"రాసుకోనీ. ఉత్తరం వచ్చేదాకా మంట ఉండాలి," అన్నాడు బావ.

నాకు ఒళ్ళు మండింది. "నీకు ఆ మంట తప్ప ఇంకేం కనపడదా బావా? హార్మ్ మీద కాలు పెట్టి బొగ్గు వేయించావు."

అతను చెంచా కింద పెట్టాడు. కోపగించుకోలేదు.

"పద్నాలుగో సంవత్సరం ఆగస్టులో హెలిగోలాండ్ దీవి ముందు మా క్రూజర్‌కి ఆవిరి పడిపోయింది. ఒక్క గుండు బాయిలర్‌కి తగిలింది, అంతే. ఓడ నిలబడిపోయింది. పరిగెత్తే ఓడని కొట్టడం కష్టంరా. నిలబడిన దాన్ని ఎవడైనా కొడతాడు. నలభై నిమిషాలు కొట్టారు. చివర్లో డెక్కు మీద నడవాలంటే ఇసుక చల్లుకోవాల్సి వచ్చింది, నెత్తురుకి అంత జారుడు. మూడు వందల మందిమి. ఈదుకుంటూ బయటపడింది పదిహేనుమందిమి." చెంచా మళ్ళీ తీసుకున్నాడు. "మంట ఆరితే ఏమవుతుందో నేను చూశాను. నువ్వు చూడలేదు."

వెళ్ళేటప్పుడు అక్క నన్ను మెట్ల దగ్గర ఆపింది. "దెబ్బలాడుకోండి, పరవాలేదు. ఇద్దరూ ఒకే గదిలో ఉన్నారు, నాకదే ధైర్యం," అంది.

అక్టోబరు చివర్లో మొత్తం నౌకాదళాన్ని షిలిగ్ లంగరు రేవుకి రమ్మన్నారు. పెద్దవీ చిన్నవీ అన్నీ వచ్చి వరసలు కట్టాయి. ఎందుకో ఎవరూ చెప్పలేదు. చెప్పక్కర్లేకపోయింది. ఆఫీసర్ల భోజనాల గదిలో వడ్డించే మనిషి వంటగదిలోకి వచ్చి గిన్నెలు దింపుతూ అన్నాడు: "దాచిపెట్టుకున్న వైనంతా తీయించారు. అందరూ ఇంటికి ఉత్తరాలు రాస్తున్నారు. లెఫ్టినెంట్ కాల్డెన్ అయితే గడియారం విప్పి కవరులో పెట్టి తల్లి పేరు రాశాడు."

అర్థం కానిదేముంది. ఓడిపోయిన యుద్ధంలో ఆఖరిసారి బయటికి వెళ్ళి, ఇంగ్లీషువాళ్ళ ఎదురుగా పేరు నిలుపుకుని మునిగిపోవాలి. ముందు వెళ్ళేవి ఎప్పట్లాగే తేలికపాటి క్రూజర్లు.

మూడో గదిలో మా జట్టు నలుగురం మాట్లాడుకున్నాం. పెద్ద ఓడల్లో మాలాగే బొగ్గు వేసే ఫైర్‌మన్ల దగ్గర్నుంచి అప్పటికే కబురొచ్చింది. లంగరు ఎత్తమనగానే పొయ్యిల్లో మంట బయటికి లాగేయాలి. మంట లేకపోతే ఆవిరి లేదు. ఆవిరి లేకపోతే ఎంతటి అడ్మిరలైనా కదలలేడు. కిందటేడు ఇంతకంటే చిన్న తప్పుకి పెద్ద ఓడల వాళ్ళని ఇద్దర్ని గోడకి నిలబెట్టి కాల్చేశారు. అది మాకందరికీ గుర్తుంది.

బొగ్గుగది తలుపు చాటునుంచి బావ వచ్చాడు. ఎంతసేపట్నుంచి ఉన్నాడో తెలియదు. మిగతా ముగ్గుర్నీ పైకి పొమ్మన్నాడు.

"రేపు ఆవిరి పెంచమని ఆజ్ఞ వస్తుంది. నా గదిలో ఒక్క పొయ్యి ఆరినా పేర్లు రాసి పైకి పంపుతాను."

"నాది కూడానా?"

"నీదే ముందు. లేకపోతే తమ్ముణ్ణి... కాదు, భార్య తమ్ముణ్ణి దాచాడంటారు."

"మాటలు తడబడుతున్నాయి మేస్త్రీగారూ."

"నవ్వకు ఓకో. గోడ దగ్గర నిలబడేవాడివి నువ్వు. ఇంటికెళ్ళి దానికి చెప్పాల్సినవాణ్ణి నేను."

"బయటికెళ్తే అందరం చస్తాం బావా. అప్పుడు అక్కకి చెప్పడానికి ఎవరు మిగులుతారు?"

"వెళ్తే చావొచ్చు, చావకపోవచ్చు. మంట ఆర్పితే మాత్రం చావే. నాకు తెలిసింది అదొక్కటే."

మర్నాడు ఉదయం పదింటికి ఆజ్ఞ వచ్చింది. ఫ్యాన్లు తిరగడం మొదలయ్యాయి. చెవులు దిబ్బళ్ళు పడ్డాయి. తొందరగా ఆవిరి కావాలంటే గదిని బిగించేసి లోపలికి గాలి కుక్కుతారు. ఆ గాలికి పొయ్యిల్లోంచి తప్ప బయటికి దారి ఉండదు కాబట్టి మంట కొలిమిలా రేగుతుంది. అందుకే గదికి రెండు తలుపులు, మధ్యలో ఒక మనిషి పట్టే ఇనుప పెట్టె. బయటి తలుపు మూసుకున్నాకే లోపలిది తెరవాలి. రెండూ ఒకేసారి తెరుచుకుంటే గాలంతా ఒక్క ఊపున బయటికి పోతుంది. అప్పుడు పొయ్యిలోని మంట వెనక్కి, మన మీదికి వస్తుంది. కింద పనిచేసే ప్రతివాడికీ మొదటిరోజు నేర్పేది ఇదే. పైన పనిచేసేవాడికి ఇది నేర్పాలని ఎవరికీ తోచదు.

నేను పొడుగాటి ఇనుప కొంకి తీసుకున్నాను. ఒకడు నీళ్ళ గొట్టం పట్టుకున్నాడు. మొదటి పొయ్యి తలుపు తెరిచాను.

బావ అడ్డంగా వచ్చి నిలబడ్డాడు. చేతిలో పార.

"మూయి."

"తప్పుకో."

పార వెడల్పు భాగంతో నా పక్కటెముకల మీద కొట్టాడు. ఊపిరి పోయింది. మోకాళ్ళ మీద పడ్డాను. మా జట్టులో ఒకడు వెనకనుంచి పట్టుకోబోతే మోచేత్తో వాడి పళ్ళు రాలగొట్టాడు. ఇంకొకణ్ణి మెడపట్టి బొగ్గుకుప్పలోకి తోశాడు. అతనికి నలభై ఏళ్ళు, మాకు ఇరవై. అయినా ఒక్కడే మమ్మల్ని పొయ్యిల దగ్గరికి రానివ్వలేదు. నెత్తురు, చెమట, మసి కలిసి ఎవడు ఎవడో తెలియడం లేదు. నేను కింద పడున్న పార అందుకుని లేచాను. అతను మళ్ళీ చెయ్యెత్తాడు. పార అంచుతో ఆ మణికట్టు మీద కొట్టాను.

ఎండుపుల్ల విరిగిన చప్పుడైంది.

అతను అరవలేదు. వేలాడుతున్న కుడిచేతిని చూసుకుని, గోడకి ఆనుకుని జారి కూర్చున్నాడు.

"ఎడమదాన్ని కొట్టాల్సిందిరా," అన్నాడు.

మేం మంటలు లాగాం. ఎర్రటి బొగ్గులు కుప్పలు కుప్పలుగా ఇనుప రేకుల మీద పడ్డాయి. వాటి మీద నీళ్ళు కొడుతుంటే గదంతా ఆవిరి, గంధకపు పొగ. దగ్గుతూ, వాంతులు చేసుకుంటూ లాగాం. మూడు పొయ్యిల తలుపులు బార్లా తెరిచి ఉన్నాయి. ఒకటి సగం ఖాళీ అయింది. మిగతా రెండింట్లో మంట ఇంకా నిండుగా ఉంది.

మాట్లాడే గొట్టంలోంచి లెఫ్టినెంట్ కాల్డెన్ గొంతు వచ్చింది. "ఒత్తిడి ఎందుకు పడిపోతోంది? తలుపు తీయండి. తీయకపోతే విరగ్గొడతాం."

బావ ఎడమచేత్తో గొట్టం మూతి లాక్కున్నాడు.

"లెఫ్టినెంట్ గారూ, మేస్త్రీ ఫోల్కర్ట్‌ని. పొయ్యిలు తెరిచున్నాయి. ఒక్కొక్కరే రండి. బయటి తలుపు మూశాకే లోపలిది తీయాలి."

"ఒక్కొక్కరే? ఆ పెట్టెలో వేసి మమ్మల్ని ఒక్కొక్కణ్ణే పట్టుకుందామనా?"

"అది కాదండీ. గాలి..."

"నీ కపటం నాకు అర్థం కాలేదనుకున్నావా? నువ్వు కూడా వాళ్ళతో చేరావన్నమాట."

అటువైపు బయటి తలుపు తెరుచుకుంది. మూసుకోలేదు. అది మూసుకోకుండా తుపాకీ అడ్డం పెట్టించాడని తర్వాత తెలిసింది. లోపలి తలుపు మీద నాలుగు భుజాలు ఒకేసారి పడ్డాయి. గడియ వంగింది.

"పడుకోండి," అన్నాడు బావ.

మేం పడుకున్నాం. అతను మాత్రం పొయ్యిల వైపు పరిగెత్తాడు. మొదటి తలుపు కాలితో తన్ని మూశాడు. గడియ దానంతటదే పడింది. రెండోదీ అలాగే. మూడోదాని గడియ చాలా రోజులుగా బిగుసుకుపోయి ఉంది. చేత్తో ఎత్తి వెయ్యాలి, కుడిచేత్తోనే వెయ్యాలి. అతను భుజంతో తలుపు నొక్కిపట్టి ఎడమచేత్తో తడుముకుంటున్నాడు. అప్పుడే లోపలి తలుపు పగిలి తెరుచుకుంది.

చెవుల్లోంచి గాలి ఎవరో పీల్చేసినట్టయింది. ఆ మూడో తలుపు జానెడు వెనక్కి వచ్చింది. ఆ జానెడు సందులోంచి మంట గది పొడవునా, మనిషి ఎత్తున, అటు తలుపు దాకా వెళ్ళింది. నా జుట్టు కమిలిన వాసన నాకే వచ్చింది. గుమ్మంలో నిలబడ్డ లెఫ్టినెంట్‌కి ముఖం మీదే తగిలింది. వెనక ఇద్దరు కళాసీలకి చేతులు కాలాయి.

బావ తలుపుని వదల్లేదు. వీపు ఆనించి, కాళ్ళు రేకులకి తన్నిపెట్టి నిలబడ్డాడు. మంట తగ్గి, తలుపు పూర్తిగా మూసుకునేదాకా అలాగే ఉన్నాడు. మూడు తలుపుల్లోంచీ ఒకేసారి మంట వచ్చి ఉంటే ఆ గదిలో ఎవరూ మిగిలేవాళ్ళం కాదు. నేను వెళ్ళి పట్టుకున్నప్పుడు అతని చొక్కా నా చేతికి వచ్చింది. దానితోపాటు చర్మం వచ్చింది.

ఆ రోజు 'హూసుమ్' కదలలేదు. పెద్ద ఓడలు కూడా చాలావరకు కదలలేదు. ఆఖరి యుద్ధం రద్దయింది. మమ్మల్ని నలుగుర్నీ ఖాళీ బొగ్గుగదిలో పెట్టి తాళం వేశారు. మర్నాడు లెఫ్టినెంట్ చనిపోయాడని కాపలావాడు తలుపు సందులోంచి చెప్పాడు.

"ఆఫీసర్ చావు. మీకింక విచారణ పేరుకే," అన్నాడు. వాడి గొంతులో కోపమేం లేదు. సిగరెట్ వెలిగించి సందులోంచి లోపలికి తోశాడు.

నవంబరు రెండున నన్ను ఒడ్డుమీద నౌకాదళ ఆసుపత్రికి తీసుకెళ్ళారు. మంచం మీద గుడ్డలు చుట్టిన ఆకారం. పెదవులు, ఒక కన్ను మాత్రం కనబడుతున్నాయి. పక్కన జడ్జి, రాసుకునే గుమాస్తా, మా ఓడ ఇంజినీర్ బ్రుక్‌మన్. బావ పేర్లు చెబుతాడు, వాళ్ళు రాసుకుంటారు, నేను అవునంటాను. అందుకే నన్ను తెచ్చారు. ఒక్క మాట చాలు, నలుగురం గోడ దగ్గరికి.

"మంటలు బయటికి లాగిందెవరు?" అన్నాడు జడ్జి.

ఆ కన్ను నా వైపు తిరిగింది.

"మా వాళ్ళు. నేను చెబితే లాగారు."

జడ్జి కలం ఆగింది. "నువ్వా? ఎందుకు?"

"బాయిలర్‌లో నీటిమట్టం చూపే గాజుగొట్టం ఖాళీ అయింది. పంపు నీళ్ళు ఎక్కించడం మానేసింది." ఒక్కొక్క మాటకీ ఊపిరి తీసుకున్నాడు. "నీళ్ళు లేని బాయిలర్ కింద మంట ఉంచితే పేలుతుంది. ఓడ మునుగుతుంది. అందుకని లాగమన్నాను."

"చెయ్యి ఎలా విరిగింది?"

"పొయ్యి తలుపు కొట్టింది."

"ముఖాన గాయాలున్నాయి వీడికి. మిగతావాళ్ళకీ ఉన్నాయి. కొట్టుకున్నట్టున్నారు."

"కుర్రవాళ్ళు భయపడ్డారు. పనిలో పెట్టడానికి రెండు తగిలించాను. లెఫ్టినెంట్ గారికి తలుపులు ఒకేసారి తీయొద్దని చెప్పాను. గొట్టంలో అందరూ విన్నారు."

జడ్జి నమ్మలేదు. అది ముఖంలోనే తెలుస్తోంది. ఇంజినీర్ వైపు తిరిగాడు. "మీరు చెప్పండి. ఇలా జరుగుతుందా?"

బ్రుక్‌మన్ మంటలు లాగిన రోజు ఉదయం మా గదిలోకి వచ్చి ఆ గాజుగొట్టం తానే చూసుకున్నాడు. నిండుగా ఉంది. అది నాకు తెలుసు, తనకీ తెలుసు. నాలుగేళ్ళు ఆ ఓడలో ఉన్నాడు. చేతులకి నూనె అంటుతుందని ఆఫీసర్లు ఒక్కపూట కూడా అతన్ని తమతో సమానంగా చూడలేదు. అతను టోపీ అంచు తుడుచుకున్నాడు.

"జరుగుతుంది. నియమం అదే. నేనున్నా మంట లాగమనేవాణ్ణి," అన్నాడు.

గుమాస్తా రాసుకున్నాడు. ఆ నాలుగు వరసలతో మా నలుగురి ప్రాణాలూ దక్కాయి.

వాళ్ళు వెళ్ళాక బావ నన్ను దగ్గరికి రమ్మన్నట్టు పెదవులు కదిపాడు. వంగాను.

"ఆ మంట ఆర్పింది నువ్వు. నేను కాదు. నీకు తెలుసుగా."

"తెలుసు బావా."

"ఊఁ. తెలిస్తే చాలు."

క్షమించానని అనలేదు. నేనూ అడగలేదు. నాలుగో తారీకున చనిపోయాడు. ఆరో తారీకున విల్‌హెల్మ్స్‌హాఫెన్ వీధుల్లోకి కళాసీలు ఎర్రజెండాలతో వచ్చారు. జైళ్ళు తెరిచారు, మమ్మల్నీ వదిలేశారు. ఆఫీసర్ల భుజాల మీద పట్టీలు కోసేశారు. అడ్డొచ్చినవాణ్ణి ఒకణ్ణి మా వీధి మొదట్లోనే కొట్టి చంపారు. మరో నాలుగు రోజులు ఆగితే ఆ అబద్ధం ఎవరికీ అక్కర్లేకపోయేది.

అతన్ని పాతిపెట్టే ఉదయం అక్క ఇంటికి వెళ్ళాను. గదిలో శవపేటిక మీద ఎర్రజెండా పరిచి ఉంది. కింద వీధిలో రెండు వందలమంది కళాసీలు, బ్యాండు. జడ్జి కాగితాలు తిరగబడ్డ కళాసీల కమిటీ చేతికి చిక్కాయి. అందులో మూడో గదిలో మంటలు లాగమని ఆజ్ఞ ఇచ్చినవాడు ఫోల్కర్ట్ అని రాసి ఉంది. మొదట తిరగబడ్డ మేస్త్రీ అంటూ ఊరంతా అతని పేరు చెప్పుకుంటోంది.

అక్క నల్లబట్టల్లో కుర్చీలో కూర్చుని ఉంది. ఏడ్చిన జాడ లేదు.

"మంట ఆర్పమని మీ బావ చెప్పాడంటున్నారు."

నేను జెండా వైపు చూశాను.

"పన్నెండేళ్ళు కాపురం చేశాను. రాత్రి పొయ్యిలో నిప్పు ఆరితే నన్ను లేపి మరీ తిట్టేవాడు. ఆయన చెప్పాడా?"

"లేదక్కా."

"మరి?"

చెప్పాను. బావ పార పట్టుకుని అడ్డం నిలబడ్డ దగ్గర్నుంచి చెప్పాను. మణికట్టు దగ్గరికి వచ్చేసరికి ఆగాను. అక్క సాయం చేయలేదు. ఎదురుచూసింది. అదీ చెప్పాను. బిగుసుకుపోయిన గడియ సంగతి, అది కుడిచేత్తో వెయ్యాల్సిన సంగతి చెప్పాను.

"చెయ్యి బాగుంటే మూసేవాడా?"

"మూసేవాడు."

కింద బ్యాండు మొదలైంది. ఎవరో మా బావ పేరు పెట్టి జేజేలు కొట్టించారు. అక్క లేచింది. పెట్టె మీది ఎర్రజెండా తీసింది. తొందరేం పడలేదు. దుప్పటి మడిచినట్టు అంచుకి అంచు కలిపి నాలుగు మడతలు వేసి నా చేతుల్లో పెట్టింది.

"ఇది ఆయనది కాదు. నీది. తీసుకుపో."

"అక్కా, పెట్టె మొయ్యడానికి..."

"మోసేవాళ్ళు కింద రెండు వందలమంది ఉన్నారు."

తలుపు తెరిచి పట్టుకుంది. నేను గడప దాటాక మూసింది. మెట్లు దిగుతుంటే కిందనుంచి ఎవరో నన్ను గుర్తుపట్టారు. మూడో గది వాడు, మేస్త్రీ బావమరిది అన్నారు. దారిచ్చారు. టోపీలు తీశారు. చంకలో జెండాతో వాళ్ళ మధ్యలోంచి నడిచి, వీధి చివరిదాకా ఆగకుండా వెళ్ళిపోయాను.